పగలు ఆవిరి లెక్క.. ఇంటికొస్తే భూమి జ్వరం లెక్క

మీరు మెకానికల్ బ్రాంచి అయితే స్టీమ్ టేబుల్స్ పుస్తకంతో మీకు పరిచయం ఉండే ఉంటుంది. అది చేతిలో లేకపోతే థర్మోడైనమిక్స్ పరీక్షలో సగం లెక్కలు కదలవు. ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లయితే ప్లాటినం రెసిస్టెన్స్ థర్మామీటర్ గురించి చదివి ఉంటారు. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు, వంద డిగ్రీల దగ్గర 138.5 ఓమ్‌లు చూపించే ఆ పీటీ 100 సెన్సారే. దాని నిరోధం నుంచి ఉష్ణోగ్రత రాబట్టడానికి కాలెండర్-వాన్ డ్యూసెన్ సమీకరణం వాడతాం. ఆ కాలెండర్ గోడకి వేలాడే క్యాలెండర్ కాదు, ఒక ఇంటిపేరు. ఆ సమీకరణానికి పేరిచ్చింది తండ్రి హ్యూ కాలెండర్. ఇవాళ మీకు చెప్పబోయేది కొడుకు గురించి. పేరు గై స్టీవార్ట్ కాలెండర్.

ముందు ఈ కథ ఎందుకో చెప్తాను. ప్రతి మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకగానే ఫ్రెండ్స్ గ్రూపుల్లో ఒక వాదన మొదలవుతుంది. భూమి వేడెక్కుతోందని ఒకరు అంటారు. వందేళ్ల కిందటి థర్మామీటర్లని ఎలా నమ్మాలని ఇంకొకరు అడుగుతారు. అప్పట్లో ఊరి చివర ఉన్న వాతావరణ కేంద్రం ఇప్పుడు బస్టాండు పక్కకి వచ్చేసింది కదా, ఆ వేడి కాంక్రీటుది కాదా అని మరొకరు. పాత అంకెలని శాస్త్రవేత్తలే సరిదిద్దుతున్నారట, మరి అది దిద్దుబాటా, మాయాజాలమా అని ఇంకో ప్రశ్న. చివరికి అందరూ బొగ్గు కావాలా, సోలార్ కావాలా అన్న గొడవలోకి దిగిపోతారు.

ఈ ప్రశ్నల్లో చాలా వరకు కొత్తవి కావు. 1938 ఫిబ్రవరిలో లండన్‌లో ఒక మనిషి దాదాపు వీటన్నింటికీ నిలబడి జవాబు చెప్పారు. ఆయన వాతావరణ శాస్త్రవేత్త కాదు. పీహెచ్‌డీ లేదు, ప్రొఫెసర్ కాదు. పవర్ ప్లాంట్ల కోసం ఆవిరి ధర్మాలు లెక్కగట్టే ఇంజినీరు. ఇంటర్వ్యూ బోర్డు ముందు మీది ఈ డొమైన్ కాదు కదా అన్న మాట ఎదుర్కొన్న ఎవరికైనా ఆయన పరిస్థితి ఇట్టే అర్థమవుతుంది.

కొలవడం నేర్పిన ఇల్లు

గై 1898 ఫిబ్రవరిలో కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టారు. తండ్రి హ్యూ అప్పుడు అక్కడి మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ప్రొఫెసర్. అదే ఏడాది కుటుంబం ఇంగ్లండ్‌కి తిరిగొచ్చేసింది. హ్యూ జీవితమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: వేడిని కచ్చితంగా కొలవడం ఎలా? 1880ల్లో ఆయన చేసిన ప్రయోగాల వల్లే ప్లాటినం తీగ నమ్మదగిన థర్మామీటర్ అయింది. అంతకుముందు దాని రీడింగులు నిలకడగా ఉండవని చాలామంది పక్కన పెట్టేశారు. తీగని శుభ్రంగా ఉంచి, ఒత్తిడి పడకుండా చుట్టి, సరైన సమీకరణం వాడితే అది ఎంతో కచ్చితంగా కొలుస్తుందని హ్యూ నిరూపించారు. తప్పు లోహానిది కాదు, దాన్ని వాడిన తీరుది.

అలాంటి ఇంట్లో పెరిగిన గైకి చిన్నతనంలోనే ఒక ప్రమాదంలో ఒక కంటిచూపు పోయింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో తండ్రి పనిచేసే ఇంపీరియల్ కాలేజీ ప్రయోగశాలలో సహాయకుడిగా చేరారు. 1919లో సిటీ అండ్ గిల్డ్స్ ఇంజినీరింగ్ కాలేజీలో చేరి, 1922లో మెకానిక్స్, గణితంలో సర్టిఫికెట్ తీసుకున్నారు. ఆయన చదువు అక్కడితో సరి. ఆ తర్వాత తండ్రి దగ్గరే ఆవిరి పరిశోధన.

ఆ పని విలువేంటో ఒక నిమిషం చూద్దాం. అప్పట్లో విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్ల పీడనం ఏడాదికేడాది పెరుగుతోంది. పీడనం, ఉష్ణోగ్రత పెరిగితే అదే బొగ్గుతో ఎక్కువ కరెంటు వస్తుంది. కానీ అంత పీడనం దగ్గర ఆవిరి ఎలా ప్రవర్తిస్తుందో పట్టికల్లో సరిగ్గా లేదు. బ్రిటన్ పట్టిక ఒకటి చెప్తే, జర్మనీది ఒకటి, అమెరికాది ఇంకొకటి. టర్బైన్ అమ్మేవాడికీ కొనేవాడికీ ఒప్పందంలో ఏ అంకె రాసుకోవాలో తెలియని పరిస్థితి. అందుకే 1929 నుంచి 1934 మధ్య అంతర్జాతీయ సదస్సులు పెట్టి, దేశాలన్నీ ఒప్పుకునే పట్టికలు తయారు చేసుకున్నాయి. వాటిలో ప్రతి అంకె పక్కనా అది ఎంత అటూఇటూ ఉండొచ్చో కూడా రాశారు. ఇంత వరకు నమ్మొచ్చు, ఇంతకు మించి కాదు అని చెప్పే పద్ధతి అది. 1930లో తండ్రి చనిపోయాక గై ఆ పనిని కొనసాగించారు. జీతం ఇచ్చింది బ్రిటన్ విద్యుత్ పరిశ్రమల పరిశోధన సంఘం. అంటే బొగ్గు కాల్చి కరెంటు తీసే పరిశ్రమే.

సైడ్ ప్రాజెక్టు పెద్దదైంది

ఉద్యోగం అయ్యాక ఇంటికొచ్చి గై ఇంకో లెక్క పట్టుకునేవారు. మనం కాల్చే ఇంధనం వల్ల గాల్లో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోందా? పెరిగితే భూమి వేడెక్కుతుందా? నిజంగా వేడెక్కుతోందని థర్మామీటర్లు చెప్తున్నాయా?

మొదటి ఆలోచన ఆయనది కాదు. ఈ వాయువు వేడిని పట్టి ఉంచుతుందని 1859లో జాన్ టిండాల్ ప్రయోగశాలలో కొలిచారు. గాల్లో అది ఎక్కువైతే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో స్వీడన్ శాస్త్రవేత్త ఆరీనియస్ లెక్క వేశారు. కానీ 1900 తర్వాత ఆ సిద్ధాంతం మూలన పడింది. గాల్లో ఉన్న నీటి ఆవిరే ఆ వేడినంతా పీల్చేస్తుంది కాబట్టి, ఇంకాస్త కార్బన్ డయాక్సైడ్ కలిసినా తేడా ఉండదని ఒక ప్రయోగం ఆధారంగా చాలామంది నిర్ణయించేసుకున్నారు. పాఠ్యపుస్తకాల్లోకి కూడా అదే ఎక్కింది. గై కొత్తగా వచ్చిన పరారుణ కొలతలు తెప్పించుకుని చూశారు. రెండు వాయువులూ పీల్చుకునే తరంగాలు పూర్తిగా ఒకటి కావు. పైగా ఎత్తుకి వెళ్లేకొద్దీ నీటి ఆవిరి బాగా తగ్గిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ అలా తగ్గదు. గాలిని ఒకే గాజు గొట్టంలా కాకుండా పొరలు పొరలుగా లెక్కించాలని ఆయన పట్టుకున్నారు.

ఇక అసలు కష్టం ఉష్ణోగ్రత రికార్డు. ఇప్పుడైతే ఒక ఫైలు డౌన్‌లోడ్ చేసి, నాలుగు లైన్ల కోడ్ రాస్తే గ్రాఫ్ వచ్చేస్తుంది. అప్పుడు ఉన్నది అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ 1927లో, 1934లో అచ్చేసిన ప్రపంచ వాతావరణ రికార్డుల లావుపాటి సంపుటాలు. వాటి కోసం వివరాలు సేకరించిన వాళ్లలో భారత వాతావరణ శాఖకి అధిపతిగా పనిచేసిన గిల్బర్ట్ వాకర్ ఒకరు. ఆ పేజీల్లోని నెలవారీ అంకెలన్నింటినీ గై చేత్తో రాసుకుని, చేత్తో కూడి, చేత్తో సగటు తీశారు. సుమారు 200 కేంద్రాలు చూసి, నమ్మదగినవి అనిపించిన 147 మిగిల్చారు.

బరువు మిషన్ లాజిక్

ఆయన వాడిన పద్ధతి అర్థమైతే సగం వాదనలకి జవాబు దొరికినట్టే. మీ ఇంట్లో బరువు మిషన్ ఎప్పుడూ రెండు కిలోలు ఎక్కువ చూపిస్తుందనుకోండి. మీ అసలు బరువు అది చెప్పలేదు. కానీ ఆరు నెలల్లో మీరు మూడు కిలోలు తగ్గితే, ఆ మూడు కిలోలు మాత్రం సరిగ్గానే చూపిస్తుంది. ఎందుకంటే తప్పు రెండుసార్లూ ఒకటే, తీసివేతలో అది కొట్టుకుపోతుంది. గై కూడా ఒక ఊరు ఉష్ణోగ్రతని ఇంకో ఊరితో పోల్చలేదు. ప్రతి కేంద్రాన్నీ దాని సొంత 1901-1930 సగటుతోనే పోల్చి, ఏ ఏడు ఎంత ఎక్కువో, ఎంత తక్కువో చూశారు. ఇవాళ అనామలీ అని పిలిచేది ఇదే.

రెండో జాగ్రత్త: కేంద్రాలు యూరప్‌లో కిక్కిరిసి ఉన్నాయి, మిగతా చోట్ల పలచగా ఉన్నాయి. అన్నింటినీ కలిపి సగటు తీస్తే అది ప్రపంచం సగటు అవ్వదు, యూరప్ సగటు అవుతుంది. ఒకే హాస్టల్లో యాభై మందిని అడిగి కాలేజీ అభిప్రాయం అని రాసినట్టు ఉంటుంది. అందుకే ప్రాంతాలవారీగా సగటు తీసి, ప్రాంతం విస్తీర్ణాన్ని బట్టి దానికి వెయిట్ ఇచ్చారు.

మూడోది: పట్టణాల వేడి. కట్టడాలు పెరిగిన చోట థర్మామీటర్ ఎక్కువ చూపిస్తుందన్న సంగతి ఆయనకి తెలుసు. అందుకే పట్టణాల కేంద్రాల్ని, వాటి ప్రభావం పడని కేంద్రాల్ని విడిగా పోల్చి చూశారు. పెరుగుదల రెండు చోట్లా కనిపించింది.

వచ్చిన ఫలితాలు ఇవి. అంతకుముందు అర్ధశతాబ్దంలో మనుషులు ఇంధనం కాల్చి గాల్లోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్ సుమారు 15,000 కోట్ల టన్నులు. అందులో నాలుగింట మూడొంతులు గాల్లోనే ఉండిపోయిందని ఆయన అంచనా. దానివల్ల ఏడాదికి 0.003 డిగ్రీల చొప్పున వేడెక్కాలి. థర్మామీటర్లు చూపించింది ఏడాదికి 0.005 డిగ్రీలు. రెండూ ఒకటి కాదు. ఆయన అలా చెప్పనూ లేదు. లెక్కా, కొలతా రెండింటినీ పక్కపక్కనే పెట్టి చూపించారు.

1938 ఫిబ్రవరి 16

ఆ రోజు రాయల్ మెటియొరలాజికల్ సొసైటీలో ఆయన పత్రం చదివారు. వినడానికి వచ్చినవాళ్లు ఆ రంగంలో పెద్దలు. వారిలో సర్ జార్జ్ సింప్సన్ ఒకరు. సిమ్లాలో భారత వాతావరణ శాఖలో పనిచేసి, అంటార్కిటికా యాత్రకి వెళ్లొచ్చి, అప్పటికి బ్రిటన్ వాతావరణ శాఖకి డైరెక్టర్‌గా ఉన్న మనిషి. వాతావరణం నిశ్చలంగా ఉండే వస్తువు కాదని, గాలుల కదలికల్ని వదిలేసి వేడి లెక్క కడితే ఫలితం నమ్మలేమని ఆయన అభ్యంతరం. రెండు అంకెలు దగ్గరగా రావడం కాకతాళీయం కావచ్చన్నారు. ఈ శాస్త్రం బయటి వ్యక్తికి ఈ చిక్కులు అంతుబట్టవన్న ధ్వని కూడా అందులో ఉంది. ఇంకొకరు పాత థర్మామీటర్లనే ప్రశ్నించారు. గాజు కాలక్రమంలో సర్దుకుని సున్నా గుర్తు జరుగుతుంది కదా, ఆ తేడానే వేడి అనుకుంటున్నారేమో అని. మరొకరు వేడెక్కిన మాట ఒప్పుకుంటూనే, దానికి కారణం గాలుల మార్పు అన్నారు.

ఒక్కటి గమనించండి. ఇవి పనికిమాలిన ప్రశ్నలు కావు. గాలుల కదలిక గురించి సింప్సన్ చెప్పింది నిజమే, గై నమూనాలో అది లేదు. సున్నా జరగడం అనేది నిజంగా ఉన్న లోపమే. ప్లాటినం థర్మామీటర్‌ని నమ్మదగినదిగా చేసిన మనిషి కొడుక్కి థర్మామీటర్ల లోపాల గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆయన ఆ సభలో కోప్పడలేదు, పారిపోలేదు. చెప్పగలిగినంత జవాబు చెప్పారు. ఆ తర్వాత పాతికేళ్లు ఒక్కో అభ్యంతరాన్ని పట్టుకుని పనిచేశారు. 1939, 1941, 1949, 1958, 1961.. ఇలా పత్రం తర్వాత పత్రం. చివరిదాంట్లో కేంద్రాల సంఖ్య కూడా బాగా పెంచారు.

వెలుగూ నీడా

ఆయన్ని దేవుణ్ణి చేయాల్సిన పనిలేదు. కొన్ని విషయాల్లో ఆయన అంచనా తప్పింది. భూమి వేడెక్కడం మంచిదేనని ఆయన అనుకున్నారు. ఉత్తరాది చలి దేశాల్లో వ్యవసాయం పెరుగుతుందని, మళ్లీ మంచుయుగం రాకుండా ఉంటుందని భావించారు. ఇంధనం వాడకం అప్పటి స్థాయిలోనే, అంటే ఏడాదికి సుమారు 450 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ దగ్గరే ఉంటుందని లెక్క వేసుకున్నారు. ఇవాళ ఇంధనాల నుంచి వచ్చేది ఏడాదికి 3,700 కోట్ల టన్నులకు పైనే. అందుకే ఆయన 21వ శతాబ్దానికి ఊహించిన వేడి అర డిగ్రీ కూడా లేదు. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024 సంవత్సరం, 19వ శతాబ్దం రెండో సగం సగటుతో పోలిస్తే, సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ. కొలతలో గురి తప్పని మనిషి, మనుషుల ఇంధన ఆకలిని మాత్రం ఊహించలేకపోయారు. ఇంకో సంగతి, 20వ శతాబ్దం మొదట్లో వచ్చిన వేడి అంతా కార్బన్ డయాక్సైడ్ పుణ్యమే కాదని, సహజ కారణాలూ కలిశాయని ఇప్పటి పరిశోధనలు చెప్తున్నాయి.

రెండో ప్రపంచయుద్ధంలో ఆయనకి ఇచ్చిన పని మరీ విచిత్రం. పొగమంచు వల్ల తిరిగొచ్చిన బ్రిటన్ యుద్ధ విమానాలు దిగలేక కూలిపోతుండేవి. దానికోసం ఫైడో అనే పథకం పెట్టారు. రన్‌వే పొడవునా రంధ్రాలున్న గొట్టాలు వేసి, పెట్రోల్ పంపి మంట పెడతారు. గాలి కాస్త వేడెక్కితే మంచు తుంపరలు ఆవిరైపోతాయి, దారి కనిపిస్తుంది. వేడి లెక్కలు తెలిసిన గై ఆ బృందంలో పనిచేశారు. ఈ పద్ధతిలో సుమారు 2,500 విమానాలు క్షేమంగా దిగాయని చెప్తారు. ఇంధనం కాలిస్తే గాలి వేడెక్కుతుందని లోకానికి చెప్పిన మనిషే, ప్రాణాలు కాపాడటానికి వేల గ్యాలన్ల పెట్రోల్ కాల్చే ఏర్పాటులో భాగమయ్యారు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. ఇంధనం మనకి ఏమిస్తుందో, ఏం తీసుకుంటుందో రెండూ తెలిసిన ఇంజినీరు ఆయన.

యుద్ధం తర్వాత ఇంకో పరీక్ష. 1940ల తర్వాత వేడెక్కడం ఆగిపోయింది, ఉత్తరార్ధగోళం కొంచెం చల్లబడింది కూడా. పరిశ్రమల పొగలోని గంధకం కణాలు ఎండని అడ్డుకోవడం అందుకు ఒక కారణమని తర్వాత తేలింది. అప్పటికి మాత్రం విమర్శకులకి అదొక ఆయుధం. 1962-63 శీతకాలం ఇంగ్లండ్‌ని గడ్డకట్టించేసింది. గై తన ఊరు హోర్షమ్‌లో కూర్చుని, ఈ సిద్ధాంతం ఎందుకు నచ్చడం లేదో కారణాలు నోటుపుస్తకంలో రాసుకున్నారు. 1964 అక్టోబరులో, 66 ఏళ్ల వయసులో చనిపోయారు. వేడి మళ్లీ పెరగడం ఆయన చూడలేదు.

అయితే ఒక నిర్ధారణ ఆయన బతికుండగానే మొదలైంది. 1958 మార్చిలో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద కార్బన్ డయాక్సైడ్ కొలవడం ప్రారంభించారు. పది లక్షల్లో సుమారు 315 వంతులు. ఏటా పెరుగుతూ పోయింది, ఇప్పుడు 420 దాటింది. 19వ శతాబ్దం కొలతల్లో తనకి కావాల్సినవే గై ఏరుకున్నారన్న విమర్శ ఒకటి ఉండేది. తర్వాత మంచు పొరల్లో చిక్కుకున్న పాత గాలి బుడగల్ని కొలిస్తే, ఆయన నమ్మిన అంకెలే నిజానికి దగ్గరగా ఉన్నాయని తేలింది.

రికార్డు నమ్మొచ్చా?

2013లో, అంటే ఆ పత్రానికి 75 ఏళ్లు నిండిన సందర్భంగా, ఇద్దరు బ్రిటన్ శాస్త్రవేత్తలు గై గ్రాఫ్‌ని ఆధునిక రికార్డు పక్కన పెట్టి చూశారు. వేల కేంద్రాలు, కంప్యూటర్లు వాడి గీసిన గీతకీ, ఒక మనిషి పెన్సిల్‌తో 147 కేంద్రాల నుంచి గీసిన గీతకీ పోలిక బాగా కుదిరింది.

అంతమాత్రాన అడగడం ఆపేయాలా? అక్కర్లేదు. రికార్డులో లోపాలు నిజంగానే ఉన్నాయి. కేంద్రాలు స్థలం మారాయి. రీడింగ్ తీసే సమయం సాయంత్రం నుంచి ఉదయానికి మారింది. ఓడల్లో ఒకప్పుడు బకెట్‌తో నీళ్లు తోడి కొలిచేవారు, తర్వాత ఇంజిన్‌లోకి వచ్చే నీటిని కొలిచారు. బకెట్ పైకి వచ్చేలోపు నీళ్లు కాస్త చల్లబడతాయి, కాబట్టి పాత అంకెలు అసలు కంటే తక్కువ. ఈ మార్పులకి సర్దుబాటు చేయకపోతేనే తప్పు. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సముద్రాలూ నేలా కలిపి చూస్తే, ఈ సర్దుబాట్ల వల్ల శతాబ్దపు పెరుగుదల కొంచెం తగ్గింది, పెరగలేదు. వేడిని పెంచి చూపించడమే ఉద్దేశమైతే ఇలా చేయరు కదా.

2009లో బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తల ఈమెయిళ్లు బయటికొచ్చి పెద్ద దుమారం రేగింది. విచారణలు అంకెలు కల్పించారన్న ఆరోపణని తోసిపుచ్చాయి. అదే సమయంలో, సమాచారం పంచుకోవడంలో ఇంకా దాపరికం లేకుండా ఉండాల్సిందని గట్టిగానే చెప్పాయి. రెండూ గుర్తుపెట్టుకోవాల్సినవే. ఆ తర్వాత అమెరికాలో రిచర్డ్ ముల్లర్ అనే భౌతిక శాస్త్రవేత్త, రికార్డు మీద తనకే అనుమానాలున్నాయని చెప్పి, బర్క్‌లీ ఎర్త్ పేరుతో మొదటి నుంచి కొత్తగా లెక్క మొదలుపెట్టారు. బొగ్గు, చమురు వ్యాపారంతో ముడిపడిన కోక్ కుటుంబం ఫౌండేషన్ కూడా కొంత నిధులిచ్చింది. సుమారు 39 వేల కేంద్రాలు వాడారు. వచ్చిన జవాబు పాతదే: నేల వేడెక్కింది, పట్టణాల వేడి దాన్ని మార్చేంత పెద్దది కాదు.

అమెరికా ప్రభుత్వం ఇంకో పని చేసింది. ఊళ్లకి దూరంగా, చుట్టూ కట్టడాలు రాని చోట్ల కొత్త కేంద్రాలు పెట్టింది. ప్రతి కేంద్రంలో ఒకటి కాదు, మూడు థర్మామీటర్లు. ఒకటి తేడాగా చూపిస్తే మిగతా రెండూ పట్టిస్తాయి. సర్దుబాటు అవసరమే లేని ఆ కేంద్రాల గీత, సర్దుబాటు చేసిన పాత కేంద్రాల గీతతో కలిసే నడుస్తోంది. ఆ మూడూ ఏ రకం థర్మామీటర్లో ఊహించగలరా? ప్లాటినం రెసిస్టెన్స్. కొడుకు మొదలుపెట్టిన వాదనకి తండ్రి పరికరం సాక్ష్యం చెప్తోంది.

రెండు ప్రశ్నల్ని కలపొద్దు

ఇక కరెంటు సంగతి. భూమి వేడెక్కిందా అనేది కొలతకి సంబంధించిన ప్రశ్న. బొగ్గు ఎంత త్వరగా తగ్గించాలి, ఖర్చు ఎవరు భరించాలి అనేది విధానానికి సంబంధించిన ప్రశ్న. రెండోదాని జవాబు నచ్చక మొదటిదాని అంకెలు కాదనడం, మొదటిది నిజం కాబట్టి రెండోదాంట్లో చర్చే వద్దనడం.. రెండూ పొరపాట్లే. గైకి జీతమిచ్చిన పరిశ్రమ ఉన్న బ్రిటన్, 2024 సెప్టెంబరు 30న తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం రాట్‌క్లిఫ్‌ని మూసేసింది. మనదేశం 2070 నాటికి నెట్ జీరో అంటోంది. 2025లో స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులకి చేరింది. కానీ ఇళ్లకి వచ్చే యూనిట్లలో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గువే. రామగుండం, సింహాద్రి లాంటి కేంద్రాల మీద ఎన్ని కుటుంబాలు ఆధారపడి ఉన్నాయో మీలో కొందరికి ఇంట్లోనే తెలుసు. ఈ చర్చ నిజాయతీగా జరగాలంటే కింద పునాది అంకెలు గట్టిగా ఉండాలి.

ఉద్యోగం కోణంలోనూ చూడండి. సిలికాన్ సోలార్ ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం ఉత్పత్తి కోల్పోతుంది. రేపు సాయంత్రం రాష్ట్రానికి ఎంత కరెంటు కావాలో అంచనా వేసేవాళ్లకి మొదట కావాల్సింది ఉష్ణోగ్రత. సోలార్ కంపెనీకైనా, థర్మల్ ప్లాంటుకైనా, గ్రిడ్‌కైనా, ఎస్‌ఎస్‌సీ ద్వారా సైంటిఫిక్ అసిస్టెంట్లని తీసుకునే వాతావరణ శాఖకైనా కావాల్సింది ఒకటే నైపుణ్యం: ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు కొలిచారు, మధ్యలో ఏం మారింది అని అడిగి, శుభ్రం చేసి, ఎంత వరకు నమ్మొచ్చో చెప్పగలగడం. డేటా క్లీనింగ్ అని రెజ్యూమెలో ఒక ముక్కగా రాసేసే పని ఇదే.

చేసి చూడాలనుకుంటే దారి తేలిక. ప్రపంచంలోని వేల కేంద్రాల నెలవారీ ఉష్ణోగ్రతల్ని అమెరికా సంస్థ నోవా ఉచితంగా ఇస్తోంది. మీకు దగ్గర్లోని ఒక కేంద్రం తీసుకోండి. ముప్ఫై ఏళ్ల సగటు కట్టండి, ప్రతి ఏడాది తేడా తీయండి, గ్రాఫ్ గీయండి. గీత ఎక్కడైనా హఠాత్తుగా ఎగిరితే సంబరపడకండి, భయపడకండి. ఆ ఏడాది కేంద్రం స్థలం మారిందేమో వెతకండి. పక్క జిల్లా కేంద్రంతో పోల్చండి. వారం రోజుల పని. ఇంటర్వ్యూలో ఆ గ్రాఫ్ చూపించి, అందులో లోపాలేంటో కూడా మీరే ముందు చెప్పగలిగితే, ఏ కోర్సు సర్టిఫికెట్ కంటే ఎక్కువ మాట్లాడుతుంది.

గై కాలెండర్ కాగితాలు, ఆయన చేతిరాత పట్టికలు ఇప్పుడు ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆయన ఏ కేంద్రం తీసుకున్నారో, దేన్ని వదిలేశారో ఎవరైనా తిరగేసి చూడొచ్చు. సభలో ఆయన్ని ప్రశ్నించిన పెద్దలందరికీ ఆయన కంటే పెద్ద హోదాలున్నాయి. ఆ సాయంత్రం హోదా లేని మనిషి దగ్గర ఉన్నది, ఎవరైనా మళ్లీ కూడి చూసుకోగలిగిన లెక్క. ఎనభై ఏళ్ల తర్వాత కూడా నిలబడింది అదే.